చిన్న జతకి తెల్ల నూలు

ప్రాగ్,
సోమవారం, అక్టోబరు 10, 2011

నా ఒటిల్కాకి,

కవరు మీద ప్రాగ్ ముద్ర చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి ఉంటావు. ముద్ర సరైనదే. నేను మోకాళ్ల చికిత్సకి వేడినీటి బుగ్గల ఊరికి వెళ్లలేదు. మా ఇమ్రిచ్ నన్ను బస్సెక్కించి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేను ప్రెషోవ్‌లో దిగి ఇటు వచ్చే రైలెక్కాను. చికిత్స అంటే మూడు వారాలని అందరికీ తెలుసు కాబట్టి అప్పటిదాకా నన్నెవరూ వెతకరు. నా ఫోను వంటింటి సొరుగులో ఉంది, మోగితే కంగారు పడకు. ఈ సంగతి నీకొక్కదానికే రాస్తున్నాను. కన్న కొడుకుతో చెప్పుకోలేనిది తోడబుట్టినదానితో చెప్పుకోవచ్చు.

స్టేషను దగ్గర్లోనే గది తీసుకున్నాను. కౌంటరు దగ్గరి ఆవిడ నా వెనకాల ఇంకెవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూసి, "ఒక్కరేనా?" అంది. ఒక్కదాన్నే అన్నాను. హోటల్లో వడ్డించేవాడూ అదే అడిగి, మరుగుదొడ్డి పక్కన ఉన్న బల్ల చూపించాడు. అప్పటికి అక్కడ ఒక జర్మన్ ముసలాయన తిని లేస్తున్నాడు. ఒంటరి ముసలివాళ్లకి ఈ ఊళ్లో కేటాయించినది ఆ బల్లే కాబోలు. రొట్టెల దుకాణంలో పిల్లని మన స్లొవాక్ భాషలో గసగసాల రొట్టె అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చింది. "అమ్మాయ్, నేను ఇంగ్లీషుదాన్ని కాను. నిన్నమొన్నటి దాకా మనదంతా ఒకే దేశం" అన్నాను. వెనకాల వరసలో ఉన్న పెద్దాయన నవ్వి, "నిన్నమొన్నంటే ఈ పిల్లకింకా పళ్లు కూడా రాలేదమ్మా" అని, ఆ పిల్లతో, "గసగసాలది కావాలట, ఇవ్వు తల్లీ" అన్నాడు.

రాతి వంతెన కూడా చూశాను. విగ్రహాలు మసి పట్టి ఉన్నాయి. నా ఈడువాళ్లంతా గుంపులు గుంపులుగా, గొడుగు పైకెత్తి పట్టుకుని ఊరు చూపించే మనిషి వెనకాల నడుస్తున్నారు. నేను ఏ గొడుగు వెనకా లేను. ఆ తరవాత నేలకింది రైలు ఎక్కాను. దిగే మెట్లు వాటంతటవే కదులుతుంటే చాలాసేపు పక్కన నిలబడి, ఒకావిడ మోచెయ్యి పట్టుకుంటే దిగాను. ఆ సొరంగం మీ బావ తవ్వినదే. ఇరవై ఏళ్లకు పైగా తవ్వాడు. రెండు వారాలకోసారి ఇంటికొచ్చి, బట్టలు ఉతికించుకుని, ఆదివారం సాయంత్రం రైలుకి తిరిగి వెళ్లిపోయేవాడు. ఒక్కసారి కూడా "నువ్వూ రా, ఊరు చూపిస్తాను" అనలేదు. ఎందుకనలేదో నాకు తెలుసని నేను అనుకుంటున్నాను. అది తేల్చుకోవడానికే వచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ బావ మొదట కార్మికుల వసతిలో ఉండి, తరవాత జిష్కొవ్ పేటలో హవ్రానొవా అనే ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆ ఏడు డిసెంబరులో మికులాష్ పండుగకు ముందు ఇంటికొచ్చినప్పుడు, "నాకు ఇంట్లో తొడుక్కోవడానికి ఒక జత ఉన్ని జోళ్లు అల్లు. ఇంకో జత కూడా కావాలి, చిన్నది" అన్నాడు. ఎవరికన్నాను. ఇంటావిడకి అన్నాడు. కొలత అడిగితే జేబులోంచి సిమెంటు సంచి కాగితం తీశాడు. దాని మీద వడ్రంగి పెన్సిలుతో పాదం గీసి ఉంది. అది నా అరచేయంత లేదు.

అల్లి ఇచ్చాను. మరుసటి ఏడు ఇంకో కాగితం వచ్చింది. పాదం ఒక వేలంత పెరిగింది. ఆ పై ఏడు ఇంకొంచెం. ఇంటావిడ పాదం పెరుగుతోందని ఆయన అనలేదు, పెరుగుతోందేమని నేను అడగలేదు. పాదం ఎదగడం ఆగిపోయాక కాగితాలు ఆగిపోయాయి, జోళ్లు ఆగలేదు. ఆయన పని మానేసి ఇంటికి వచ్చేశాక కూడా, దేశం రెండయ్యాక కూడా, ప్రతి డిసెంబరులో ఒక జత తీసుకుని బార్దెయోవ్ వెళ్లి పోస్టు చేసి వచ్చేవాడు. ఆ పాదానికి బొటనవేలి కంటే పక్కవేలు పొడుగు. మీ బావ పాదం అలా ఉండదు. అంటే అది తల్లి పాదం అనుకున్నాను. ముఖం ఎరగని ఒక ఆడదాన్ని నేను ఆ పక్కవేలి గుర్తుతోనే ఇన్నేళ్లు ద్వేషించాను.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నీకు కూడా చెప్పలేదు. నూలు వడికి ఇచ్చేదానివి నువ్వే అయినా చెప్పలేదు. పెద్ద జతకి బూడిదరంగు నూలు, చిన్న జతకి ఎప్పుడూ తెల్లది, మచ్చ లేనిది, అడక్కుండానే ఇచ్చేదానివి. నా చెల్లెలికి ఏమీ తెలియదు, పాపం, మంచి ఉన్ని అంతా ఎవరి బిడ్డకో పోతోంది అని లోపల ఏడ్చుకునేదాన్ని. మీ బావ పోయాక నేను అల్లడం మానేశాను. అయినా ఈ సెప్టెంబరులో నువ్వు మళ్లీ తెల్ల నూలు ఉండ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లావు. అలవాటు కొద్దీ తెచ్చి ఉంటావు. ఆ ఉండని చూస్తూ కూర్చుని, ఇక ఉండలేక బయల్దేరాను.

నువ్వు కూడా ఒకప్పుడు ఈ ఊళ్లోనే చేతితొడుగుల ఫ్యాక్టరీలో పనిచేశావు కదా. ఏడాది తిరక్కుండా జబ్బుపడి చిక్కి శల్యమై వచ్చేశావు. ఈ ఊరి గురించి ఒక్క ముక్క చెప్పేదానివి కాదు. ఇక్కడి గాలి నీకు ఎందుకు పడలేదో ఇప్పుడు అర్థమవుతోంది. బొగ్గు వాసన.

రేపు ఆ ఇల్లు వెతుకుతాను. ఆ బిడ్డకి ఇప్పుడు నలభై ఏళ్లుంటాయి. నాకు కావలసింది ఒక్కటే. వాళ్ల నోటితో నిజం వినాలి. విన్నాక, నేను బతికుండగానే ఆయన పేరు పక్కన చెక్కించుకున్న నా పేరు ఆ సమాధిరాయి మీద ఉండాలో, చెరిపించాలో నిర్ణయించుకుంటాను.

మీ అక్క,
జోఫియా

*

ప్రాగ్,
గురువారం, అక్టోబరు 13

ఒటిల్కా,

మంగళవారం ఇల్లు దొరకలేదు. నిన్న దొరికింది.

పార్సిళ్ల మీద ఇన్నేళ్లూ నా చేత్తో రాసిన నంబరు ఎనభై నాలుగు. మంగళవారం ఆ వీధికి వెళ్లి, ఎత్తు ఎక్కి, ఎనభై నాలుగో ఇంటి గంట నొక్కాను. ఇంటి చెప్పులతో, చంకలో కుక్కపిల్లతో ఒకాయన దిగి వచ్చాడు. హవ్రానొవా అనేవాళ్లు అక్కడ ఎప్పుడూ లేరన్నాడు. మీ బావ ఆ చిరునామా కూడా అబద్ధం చెప్పాడనుకున్నాను. మెట్టు మీద కూర్చుండిపోయాను. మర్నాడు పట్టు వదలక మళ్లీ వెళితే అదే మనిషి, అదే కుక్క.

"మళ్లీ వచ్చావా బామ్మా? ఏదీ, ఆ చీటీ ఇటివ్వు" అన్నాడు. చూసి నవ్వాడు. "ఇది నీలం ఎనభై నాలుగు. నీకు కావలసింది ఎర్ర ఎనభై నాలుగు."

"ఒక్క ఇంటికి రెండంకెలెందుకయ్యా?"

"ఒకటి ప్రభుత్వానికి, ఒకటి తాగి ఇంటికొచ్చేవాడికి. ఏది ఎవరికో మాకూ తెలీదు. పద, చూపిస్తా. వీడికీ నడక కావాలి."

ఇళ్ల గుమ్మాల పక్కన ఎర్రరేకు ఒకటి, నీలంరేకు ఒకటి ఉన్నాయి. రెండు రోజులుగా వాటి ముందు నుంచే తిరుగుతున్నాను. మన ఊళ్లో ఒక ఇంటికి ఒకటే అంకె. ఇంకోటి ఉంటుందని తోచక మొదటి రోజే మీ బావని అబద్ధాలకోరుని చేసేశాను.

ఎర్ర ఎనభై నాలుగు దిగువన, పబ్బు పక్కన ఉంది. గంట పక్కన హవ్రానొవా అనే పేరు ఇంకా ఉంది. తలుపు తీసింది నలభై ఏళ్ల మనిషి. ట్రాము నడిపేవాళ్ల నీలం చొక్కా, చేతిలో గరిటె. నేను మంచి చెడ్డా లేకుండా, "వెండెలిన్ భార్యని" అన్నాను. రైల్లో వేరే మాటలు ఎన్నో అనుకున్నాను. ఒక్కటీ రాలేదు.

ఆమె గరిటె పట్టుకునే నన్ను కౌగిలించుకుంది. "ఉన్నిజోళ్ల అత్తయ్యా! ఇన్నాళ్లకా రావడం?" అంది.

నడవలో బూట్లు విప్పమంది. అతిథులకిచ్చే చెప్పుల బుట్ట వైపు చెయ్యి చాచి, మళ్లీ ఏమనుకుందో, "కాదు, మీరు వీటిల్లోంచి తీసుకోండి" అని గోడ చూపించింది. గోడ మీద మేకులకి జోళ్లు. అరచేయంత జత నుంచి మొదలుపెట్టి, వరసగా పెరుగుతూ, నేను అల్లినవన్నీ ఉన్నాయి. అన్నీ తెల్లవే. కొన్నిటికి మడమ అరిగితే వేరే రంగు దారంతో రఫూ చేసి ఉంది. "ఆ రఫూ అమ్మది. మీ అల్లికంత నాజూకు ఆవిడకి రాదు. మామయ్య వెక్కిరించేవాడు" అంది. మీ బావని ఆమె మామయ్య అంటుంది. నాన్న అనలేదు. నా ముందు అనదు కదా అనుకున్నాను.

ఆమె పేరు బొహ్దానా. దేవుడిచ్చినది అని అర్థం. హవ్రానొవా పోయి ఆరేళ్లయిందట. మీ బావ పోయిన సంగతి ఎలా తెలిసిందని అడిగాను. "జోళ్లు రాలేదు. ఒక డిసెంబరు చూశాను, రెండో డిసెంబరు చూశాను. అర్థమైంది. కొవ్వొత్తి వెలిగించాను" అంది. మరి ఎవరినీ అడగలేదేమన్నాను. "మనంతట మనం వెళ్లకూడదని అమ్మ చెప్పేది. వాళ్లే రావాలి అనేది. మీరు వచ్చారు" అని కూరలో ఉప్పు చూసుకోవడానికి వెళ్లింది.

నేను ఆమె ముఖంలో మీ బావ కోసం వెతికాను. కళ్లు కావు, గడ్డం కాదు, నవ్వు కూడా కాదు. కానీ ఎక్కడో చూసిన ముఖమే. వెతికిన కొద్దీ దొరకలేదు. నిలదీయాలని కూడబలుక్కున్న ప్రశ్న అడగలేదు. ఆ మనిషి అంత సంతోషంగా ఉంటే ఎలా అడగను? డ్యూటీకి వేళైందని ఆమె లేచింది. ఆదివారం భోజనానికి రమ్మంది. ట్రాములో నన్ను గది దాకా తనే తీసుకొచ్చింది. నేను వెనకాల మొదటి సీట్లో కూర్చుని, అద్దంలో ఆమె కళ్లు చూస్తూ వచ్చాను. నా మొగుడి కూతురు నడిపే బండిలో నేను. ఇంతకంటే ఏం రాయను.

ఆదివారం అడుగుతాను.

జోఫియా

*

ప్రాగ్,
ఆదివారం, అక్టోబరు 16

ఒటిల్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

భోజనానికి వెళ్లాను. మాంసం, మీగడ పులుసు, ఆవిరి మీద ఉడికించిన పిండి ముద్దలు. నా ముక్క పెద్దది చేసి పెట్టింది. "తినండత్తయ్యా, మామయ్య అయితే ఏడు ముద్దలు తినేవాడు, అమ్మ ఎనిమిదోది దాచేది" అంది. నేను ఫోర్కు కింద పెట్టాను.

"బొహ్దానా, నీకు వెండెలిన్ ఏమవుతాడు?"

ఆమెకి నా ప్రశ్న అర్థమైంది. "అయ్యో. మీరు ఇన్నేళ్లూ అలా అనుకున్నారా?" అంది.

ఆమె హవ్రానొవా కన్నబిడ్డ కాదు. ఆవిడ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. పిల్లలు లేరు. ఫ్యాక్టరీ హాస్టల్లో ఉన్న ఒక స్లొవాక్ అమ్మాయి బిడ్డని కని, తీసుకెళ్లలేక ఇచ్చేస్తే, కాగితాలు రాయించుకుని తెచ్చుకుంది. ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకొచ్చిన మనిషి మీ బావ. ఆ తరవాతే హవ్రానొవా ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు, పిల్ల ఎలా పెరుగుతోందో చూడడానికి. పిల్లకి ఊహ తెలిశాక తన తల్లి ఎవరని అడిగితే, పేరు చెప్పనని మాటిచ్చానన్నాడట. ప్రతి ఏడూ కాగితం మీద పాదం గీస్తూ ఒకే సంగతి చెప్పేవాడట: "బాగానే ఉంది. ఈ నూలు వడికింది మీ అమ్మే. అల్లింది నా భార్య."

అంతా చెప్పి, ముద్దలు చల్లారిపోతుంటే, బొహ్దానా కంచం అంచు సవరిస్తూ నన్ను అడిగింది.

"అత్తయ్యా, మీకు నూలు వడికి ఇచ్చేది ఎవరు?"

నా ఎదురుగా ఉన్నది ఎవరి ముఖమో అప్పుడు తెలిసింది. నువ్వు సిగ్గుపడితే ఇలాగే కంచం అంచు సవరిస్తావు. ఆ పాదం కూడా గుర్తొచ్చింది. అమ్మ పొలానికి వెళ్తే వాగు దగ్గర నీ కాళ్లు రుద్ది కడిగింది నేనే కదా. ఆ పక్కవేలిని ఎన్నిసార్లు పట్టుకుని లాగాను. కాగితం మీద చూసి, నీ పాదాన్ని పోల్చుకోలేక, ద్వేషిస్తూ కూర్చున్నాను.

నేను ఆమెకి పేరు చెప్పలేదు. "బతికే ఉంది. బాగానే ఉంది. మిగతాది నేను చెప్పవలసింది కాదు" అన్నాను. మీ బావ చెప్పిన మాటలే. ఆమె ఏడవలేదు. "ఆ మాట చాలాకాలంగా తింటున్నాను. కొత్తది ఏమైనా వండి పెట్టండి" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

ఇప్పుడు నీతో నా మాట. నువ్వు పడిన కష్టం నాకు అర్థమవుతుంది. నాన్న ఎలాంటివాడో నాకూ తెలుసు. చెప్పి ఉంటే గొడ్డలి తీసేవాడు. కానీ నాన్న పోయి ముప్పై ఏళ్లు. ఈ ముప్పై ఏళ్లలో మన రెండిళ్ల మధ్య కంచె కూడా లేదు. రోజూ పాలచెంబుతో నా వంటింట్లోకి వచ్చేదానివి. నా ముఖం చూసేదానివి. మీ బావ పక్కన నేను గోడకి తిరిగి పడుకున్న ఏళ్లన్నీ అతను చెయ్యని తప్పుకి. అతను నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. అందుకు మూల్యం నా కాపురం. మీరిద్దరూ పెద్దమనుషులు, నేను ఒక్కదాన్నే నీచంగా ఆలోచించినదాన్ని. ఇది న్యాయమా అని నిన్ను అడుగుతున్నాను. ఆయన్ని అడగడానికి లేదు.

ఆ పిల్ల నన్ను అత్తయ్యా అని పిలుస్తోంది. నేను ఆమెకి అత్తయ్యని కాను, పెద్దమ్మని. సరిదిద్దలేదు. సరిదిద్దవలసింది నువ్వు.

గది ఇంకా రెండు వారాలుంది. నీ జవాబు వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలను. రాకపోతే ఆమె చెయ్యి పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబెడతాను. నేను మాట ఎవరికీ ఇవ్వలేదు.

జోఫియా

*

శుక్రవారం, అక్టోబరు 21

అక్కా,

కూర్చునే చదివాను. మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచీ కూర్చునే ఉన్నాను. ఇమ్రిచ్ వచ్చి ఒంట్లో బాలేదా పిన్నీ అన్నాడు. జలుబన్నాను.

నీలాగా నాకు రాయడం రాదు. ఉన్నది చెప్తాను. ఆ పిల్ల తండ్రి పేరు చెప్పదగ్గ మనిషి కాదు. బావ నన్ను హాస్టల్లో చూసినప్పటికే ఆరో నెల. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. అక్కకి కూడానా అన్నాడు. అప్పటికి అక్కకి కూడా అన్నాను.

తరవాత మొదటి కాగితం తెచ్చాడు కదా. ఆ రోజు నేను నీ ఇంట్లోనే ఉన్నాను, పొయ్యి దగ్గర. నువ్వు కాగితం మీద అరచెయ్యి పెట్టి చూశావు. నా వైపు తిరిగి, "మెత్తటి నూలుందా?" అన్నావు. నీకు గుర్తుందో లేదో. నాకు తెలిసిపోయిందక్కా, నీకు తెలిసిపోయిందని. తెలిసి, నన్ను ఒక్క మాట అడక్కుండా, సిగ్గుపడనివ్వకుండా, అల్లడానికి కూర్చున్నావనుకున్నాను. అందుకే తెల్లది ఇచ్చాను. అది నీకు నా జవాబనుకున్నాను. ప్రతి ఏడూ ఇచ్చాను. ప్రతి ఏడూ నువ్వు తీసుకున్నావు. మా అక్కంత గుండె ఎవరికీ ఉండదనుకుంటూ ఇన్నేళ్లు బతికాను. బావ అడిగేవాడు, "జోఫియాతో చెప్పేద్దామా?" అని. నేనే అన్నాను, "ఆమెకి తెలుసు బావా. మాట్లాడించి బాధపెట్టొద్దు" అని.

నువ్వు గోడకి తిరిగి పడుకున్నది నా వల్లే. బావ వల్ల కాదు. రాయి మీద నీ పేరు ఉండనీ.

నిన్ను క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. ఆమెని తీసుకురావద్దని చెప్పను. తీసుకురమ్మని రాయడానికి పొద్దుటి నుంచీ కూర్చున్నాను, చెయ్యి రావడం లేదు.

ఒక్క పని చెయ్యి. ఒక కాగితం మీద పాదం గీయించి పంపు. రెండేళ్లు జోళ్లు లేవు కదా, పాతవి అరిగిపోయి ఉంటాయి. మికులాష్‌కి ఇంకా టైముంది. నీ బల్ల మీది నూలు ఉండ నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. సూదులు కూడా నీవే తీసుకున్నాను. ఈసారి నేనే అల్లుతాను. వంకరగా వస్తుంది. ఎవరు అల్లారని ఆమె అడిగితే, చెప్పు.

నీ ఒటిల్కా